పావు అంగుళం

వెస్లీ హౌతలా ముందు పళ్ళు రెండు ఊడిన సంగతి అక్టోబరు ఒకటో తేదీ మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. అతన్ని ఎవరూ కొట్టలేదు. అతని పిడికిలే వచ్చి అతని మూతి మీద పడింది. జింక మీదికి గురిపెట్టి విల్లు సగం లాగేసరికి, బరువంతా చేతిమీద ఉన్న చోట, వింటినారికి కట్టిన లూపు జారిపోయింది. వెనక్కి లాగుతున్న చేతిని ఆపేది ఏమీ లేకపోయింది. ఆ లూపు కట్టింది అతని అక్క ఇర్మా.

లూపు పెద్ద వస్తువేం కాదు. జానెడు కూడా ఉండని తాడు ముక్క. బాణం మడమ నారికి ఆనే చోట, పైన ఒక ముడి, కింద ఒక ముడి. మణికట్టుకు కట్టుకున్న కొక్కేన్ని అందులో తగిలించి విల్లు లాగుతారు. ముడి జారకుండా తాడు కొసలు రెండూ లైటరుతో కాల్చి గుండ్లు చేస్తారు. లాగేవాడి బలమంతా ఆ రెండు గుండ్ల మీదే నిలబడుతుంది. ఒక్కోటి కందిగింజంత ఉంటుంది.

ఇర్మా ఇరవై ఆరేళ్ళుగా లాయిడ్ బుషే కొట్టు వెనక గదిలో ఈ పని చేస్తోంది. ముందు గదిలో గాలాలు, తూటాలు, బూట్లు. వెనక గదిలో ఒక బల్ల, విల్లును వంచి నొక్కిపట్టే యంత్రం, నారి పేనే చట్రం, ఆమె. పాతికేళ్ళ వయసులో, కొసల్లో చక్రాలుండే కాంపౌండ్ విల్లులు చేసే కర్మాగారంలో నారి పేనడానికి చేరింది. ఆరేళ్ళకు అది మూతపడింది. చట్రాన్ని చెత్తలో పారేస్తుంటే అడిగి ఇంటికి మోసుకొచ్చుకుంది. మంచులో రెండు మైళ్ళు. దారం బిగించి బిగించి ఆమె చూపుడువేలి పక్కన గాడి పడింది. కొత్తవాళ్ళు చేయి కలిపితే అది తగిలేది. ఏమిటని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

సెప్టెంబరు ఆఖరి వారం ఊళ్ళో మగాళ్ళంతా విల్లులు పట్టుకుని వచ్చేవాళ్ళు. బాణం పక్కకు పోతోందని ఒకడు, గురి చూసేందుకు నారి పోగుల మధ్య బిగించిన కంటి రంధ్రం తిరిగిపోయి గురి కనపడటం లేదని ఇంకొకడు. ఆమె ముందు నారి పొడవునా గోరు నడిపేది. నూగు లేచి ఉంటే మైనం ఎన్నాళ్ళయింది రాసి అని అడిగేది. పైన చుట్టిన దారం విడిపోయి లోపలి నారి కనిపిస్తే, విల్లును కారు వెనక ఎండలో పడేశావు కదా అనేది. వాడు పడేసే ఉండేవాడు. కంటి రంధ్రం తిరిగితే నారి ఒక కొస ఊడదీసి అర మెలిక వేసి మళ్ళీ చక్రానికి తగిలించేది. ఏ లోపమూ దొరక్కపోతే విల్లు వాడి చేతిలో పెట్టి, దీనికేం రోగం లేదు, నీకే ఉంది అనేది. ఆ మాట వినడానికే కొందరు కాఫీ కప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు. తమ వంతు వచ్చేదాకా నవ్వేవాళ్ళు.

ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు పడింది వెస్లీకే.

వెస్లీ ఆమెకంటే ఎనిమిదేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. చలికాలం రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు, ఎండాకాలం అదే రోడ్లకు గుంతలు పూడుస్తాడు. ఏటా అక్టోబరు మొదటి మూడు రోజులు ఇర్మా భర్త హార్లన్ ట్రెవారో, అతని స్నేహితులు ఆరుగురు, వెస్లీ కలిసి ఉత్తరాన చిత్తడి అడవిలోని క్యాంపుకు వెళ్ళేవాళ్ళు. ఒక చెక్క గది, ఇనప పొయ్యి, పక్కన ఆవిరిస్నానానికి సౌనా. ఆడవాళ్ళు వెళ్ళరు. మాంసం, దుంపలు కూరిన పాస్టీలు కాల్చి బుట్టల్లో సర్ది పంపుతారు.

జింక మీద బాణం వేసి తప్పినవాడి చొక్కా వెనక కొసను కత్తితో కోసి, పేరూ ఏడాదీ రాసి, క్యాంపు గోడకు మేకు కొట్టడం వాళ్ళ ఆచారం. గోడ మీద అందరి గుడ్డలూ ఒకటో రెండో ఉన్నాయి. వెస్లీవి పదకొండు. పదకొండేళ్ళలో అతను ఒక్క జింకనూ కొట్టలేదు. బాణం ఎప్పుడూ పొట్ట కిందుగా పోయేది.

హార్లన్ ఆ కథలు కొట్టు గుమ్మంలో నిలబడి బాగా చెప్పేవాడు. వెస్లీ కాపు కాయడానికి ఏ చెట్టెక్కితే ఆ చెట్టు కిందే తల్లి జింకలు పిల్లల్ని పడుకోబెట్టుకుంటాయట, అడవి మొత్తంలో అంత భద్రమైన చోటు ఇంకోటి లేదట. అందరూ నవ్వేవాళ్ళు. వెస్లీ కూడా నవ్వేవాడు. ప్రతిసారీ తిరిగొచ్చాక విల్లు తెచ్చి అక్క బల్ల మీద పెట్టేవాడు. ఆమె కొలిచేది. కొట్టు వెనక సందులో గడ్డిమూట మీదికి అతని చేత మూడు బాణాలు వేయించేది. మూడూ అరచేయంత చోట దిగేవి. అప్పుడు గుమ్మంలో ఉన్నవాళ్ళకు వినపడేలా చెప్పేది.

"విల్లుకేం లేదు వెస్లీ. జింకను చూస్తే నీ చెయ్యి వణుకుతుంది. వణకని చెయ్యి నేను కట్టివ్వలేను."

ఆ ఏడు సెప్టెంబరులో వెస్లీ విల్లు బల్ల మీదికి వచ్చినప్పుడు ఆమెకు ఒకటి కనిపించింది. లూపుకు పైన, నారికి చుట్టిన దారం పావు అంగుళం మేర నున్నగా మెరుస్తోంది. లూపు వదులుగా ఉండి పైకీ కిందికీ తిరుగుతోందని అనుకుంది. దారం సన్నదైందని, తప్పు తనదేనని అనుకుంది. తన తప్పు దొరికినప్పుడు ఆమె బయటికి చెప్పేది కాదు. పాత చుట్టు విప్పేసి ఇంకాస్త మందపు దారం చుట్టింది. కొత్త లూపు కట్టి, దాని పైనా కిందా సన్న దారంతో కట్లు వేసి, ఒక చుక్క జిగురు పెట్టింది. ఇక అది వెంట్రుకవాసి కూడా కదలదు. విల్లు వెస్లీకి ఇచ్చేసింది. ఏం చేసిందో చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్న పళ్ళు పోయాయి. వెస్లీని ఊళ్ళో దింపినవాళ్ళు అతని విల్లును లాయిడ్ కొట్లో పడేసి మళ్ళీ క్యాంపుకు వెళ్ళిపోయారు. శనివారం ఇర్మా వచ్చేసరికి అది బల్ల మీద ఉంది. గోడ మేకులకు ఇంకా పదహారు విల్లులు, పేర్ల చీటీలతో వేలాడుతున్నాయి. లాయిడ్ కూర్చోలేదు. ఫోన్లు వస్తూనే ఉన్నాయన్నాడు. తన కొట్లో కట్టిన ముడికి ఒక మనిషి పళ్ళు పోయాయంటే రేపు ఎవడి కన్ను పోతుందోనని అడుగుతున్నారన్నాడు.

"సోమవారం అందరూ వస్తారు. ముడి నీది కాదని చూపించు ఇర్మా. చూపించలేకపోతే ఈ బల్ల ఎత్తేస్తాను."

అతను వెళ్ళాక ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. ముందు నారి చూసింది. పోగులు తెగలేదు. చక్రాల దగ్గర గాట్లు లేవు. కేబుళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకోలేదు. తర్వాత లూపు చూసింది. పై ముడి నిలిచే ఉంది. కింది ముడి జారింది, తాడు పై ముడి నుంచి తోకలా వేలాడుతోంది. ఎర్ర తాడు. ఊళ్ళో ఎర్ర తాడు వాడేది తనొక్కతే.

జారిన కొస చూసింది. దానికి గుండు లేదు, నల్లటి చుక్క ఉంది. ఇర్మా తాడును మంటలో పెట్టదు, మంట అంచున కరగనిచ్చి, వేడి మీదే లైటరు ఇనప అంచుతో అదుముతుంది. అది పుట్టగొడుగు గొడుగులా పరుచుకుంటుంది, గోధుమ రంగులో ఉంటుంది. ఇది మంటలో పెట్టి మాడ్చింది. మసి వేలికి అంటింది. పై ముడి చూసింది. గుండు కుడి వైపుంది. నారి మెలిపడకుండా ఆమె పైది ఎప్పుడూ ఎడమకు, కిందది కుడికి కడుతుంది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కటీ అటుదిటు కాలేదు. కొలబద్ద తీసి నారికి తగిలించింది. లూపు తను కట్టిన చోటుకు పావు అంగుళం పైన ఉంది. తను కట్టిన చోట కత్తి గాటు, చేప పొలుసులా ఎండిన జిగురు.

అప్పుడు ఆ నున్నటి మెరుపు ఏమిటో అర్థమైంది.

నారికి చుట్టిన దారం మరలాంటిది. లూపును రెండు వేళ్ళతో పట్టి నారి చుట్టూ తిప్పితే, బోల్టు మీద నట్టులా పైకి పాకుతుంది. చుట్టుకు దారం మందమంత. పదో పన్నెండో తిప్పితే పావు అంగుళం. మడమ పావు అంగుళం లేచిన బాణం ముప్ఫై గజాల అవతల జానెడు కిందికి దిగుతుంది. పొట్ట కిందికి. క్యాంపు నుంచి తిరిగొచ్చే ముందు అన్ని చుట్లూ వెనక్కి తిప్పేస్తే ఎక్కడి లూపు అక్కడే. అక్క బల్ల మీద కొలిస్తే ఏమీ తేలదు. గడ్డిమూటలో మూడు బాణాలూ అరచేయంత చోట దిగుతాయి.

ఈసారి అది తిరగలేదు. తిరక్కపోతే కోసి పైన కట్టారు.

ఎర్ర తాడు రీలు ఇంకోటి ఆమె వంటింటి సొరుగులో ఉంటుంది. లూపు కట్టడం ఆమె జీవితంలో ఒక్కడికే నేర్పింది. లాయిడ్ కొట్లో చేరిన తొలి చలికాలం, వంటింటి బల్ల దగ్గర. ఎన్నిసార్లు చెప్పినా పై ముడి కుడికే తిప్పేవాడు. ఆ రోజుల్లో ఆమెకు అది నవ్వొచ్చేది.

హార్లన్ ఆదివారం సాయంత్రం వచ్చాడు. బూట్లు విప్పుతుంటే ఆమె తాడు ముక్క బల్ల మీద పెట్టింది. మొదట అదేంటో తెలియనట్టు చూశాడు. తర్వాత బూటు పక్కన పెట్టి, ఇదంతా ఆట అన్నాడు. బావమరిదిని ఆటపట్టించకపోతే ఇంకెవర్ని పట్టిస్తామన్నాడు. మిగతావాళ్ళకు తెలుసా అని అడిగింది. అందరికీ తెలుసు. ఏటా వంతులేసుకుంటారు, ఈ ఏడు తన వంతు. దీపం సరిగ్గా లేక కొసలు ఎంత కాలాయో కనపడలేదు. బాణం ఎటో పోయింది గనక చొక్కా కూడా కోశారు, ఆచారం ఆచారమే కదా, అప్పటికి రక్తం కొంచెం ఆగిందన్నాడు.

"వాడి పళ్ళు పోయాయి హార్లన్."

"ఆ జిగురు పెట్టమని నీకెవరు చెప్పారు? అది పెట్టకపోయుంటే వాడి పళ్ళు వాడి నోట్లోనే ఉండేవి."

అతను రెండో బూటు విప్పాడు. రేపు కొట్లో తాడు పాతదైపోయిందని చెప్పమన్నాడు. రీలు మార్చానంటే రెండు నెలల్లో అందరూ మరిచిపోతారన్నాడు. తనకు ఆ క్యాంపు ముప్ఫై ఏళ్ళుగా ఉంది, ఆమెకు ఉన్నది ఒక బల్లేనన్నాడు. తర్వాత తినడానికేముందని అడిగాడు. ఆమె పెట్టింది.

అతను తింటుండగానే ఆమె కోటు వేసుకుని వెస్లీ ఇంటికి వెళ్ళింది. అతను చక్రాల మీది రేకు ఇంట్లో ఉంటాడు. సూపులో రొట్టె నానబెట్టుకుని, పెదవికి తగలకుండా పక్క నుంచి మింగుతున్నాడు. మూతి వాచి మొహం ఇంకొకడి మొహంలా ఉంది. కుర్చీ మీద చొక్కా ఉంది, ముందు రక్తం, వెనక కోత. ఆమె తాడు ముక్క అతని ముందు పెట్టింది. కొస ఎందుకు నల్లగా ఉందో, గుండు ఎందుకు కుడికి ఉందో, పావు అంగుళం ఎక్కడి నుంచి వచ్చిందో వరసగా చెప్పింది. అతను ముక్కను ముట్టుకోలేదు.

"నాకు తెలుసక్కా."

నాలుగో ఏడే చూశాడట. సౌనా కిటికీలోంచి. వసారాలో విల్లులు వేలాడదీసి ఉంటే, వాళ్ళలో ఒకడు తనది దించి, పెదాలు కదుపుతూ లెక్కపెడుతూ తిప్పుతున్నాడట.

"మరి వెనక్కి తిప్పుకోవేంరా?"

"తిప్పుకుంటే జింక పడుతుంది."

"పడితే?"

"పడితే ఇక నేనెందుకు వాళ్ళకి?" అతను చెంచా గిన్నెలో పెట్టాడు. "నాకు పేకాట రాదు. తాగను. నలుగురిలో మాట్లాడలేను. చొక్కా కొయ్యడానికి ఒకడు కావాలి గనక పిలుస్తారు. మూడు రోజులు. అంతకుమించి ఏడాదంతా నన్నెవడూ పిలవడు."

ఆమె కిటికీ వైపు చూసింది. రేపు అందరి ముందూ ముడి ఆమె కట్టిందేనని చెప్పమని అతను అడిగాడు. ఇదంతా బయటపడితే క్యాంపు ఉండదన్నాడు.

"నా బల్ల పోతుందిరా."

"పదకొండేళ్ళు అందరి ముందూ నా చెయ్యి వణుకుతుందన్నావు. నేనేమైనా అన్నానా?"

ఆమె తాడు ముక్క జేబులో వేసుకుని వచ్చేసింది.

సోమవారం పొద్దున్న వెనక గది నిండిపోయింది. హార్లన్ గుమ్మానికి ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. వెస్లీ గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. ఇర్మా విల్లును బల్లకు బిగించి ఉన్నదున్నట్టు చెప్పింది. తన చేత్తో అక్కడికక్కడే ఒక లూపు కట్టి, కొసలు కరిగించి, అదిమి చూపించింది. మాడిన కొసను పక్కన పెట్టింది. జిగురు మరక చూపించింది. కొలబద్ద పెట్టి ఎవరైనా వచ్చి చదువుకోవచ్చంది. ఎవరూ రాలేదు. ఎవరు కట్టారో పేరు చెప్పలేదు. క్యాంపులో ఎవరో కోసి మళ్ళీ కట్టారని మాత్రం అంది. ఆ ఎవరో గుమ్మం దగ్గర కప్పులోకి చూసుకుంటున్నాడు.

లాయిడ్ చాలాసేపు విల్లు వైపు చూశాడు. నమ్మాలనే అతనికీ ఉంది. వెస్లీ వైపు తిరిగాడు.

"నీ లూపు ఎవరైనా మార్చి కట్టారా వెస్లీ?"

వెస్లీ చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"లేదు. అక్క కట్టిందే."

గుమ్మంలో ఉన్న ఒకడు, అయితే వణుకుడు హౌతలా వాళ్ళ ఇంటి రోగమన్నమాట అన్నాడు. ముందు ఒకరిద్దరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. హార్లన్ నవ్వాడు. వెస్లీ చేయి తియ్యకుండానే నవ్వాడు, భుజాలు కదిలాయి. ఇర్మా తమ్ముడి వైపు చూసింది. అతను నేల వైపు చూస్తున్నాడు.

ఒక్కొక్కరూ వచ్చి మేకుల మీంచి తమ విల్లులు దించుకున్నారు. కొందరు పర్లేదులే ఇర్మా అన్నారు. సగం పేనిన నారి చట్రం మీద ఉన్నవాడు దాన్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే వదిలేశాడు. లాయిడ్ శనివారం దాకా టైమిచ్చాడు. శనివారం ఆమె చట్రాన్ని వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె ముసలివాళ్ళ ఆశ్రమంలో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. వేడినీళ్ళకు వేలి గాడి ఏడాదిలో పూడుకుపోయింది. ఊరి విల్లులు యాభై మైళ్ళ అవతలి ఊరికి వెళ్తున్నాయి. అక్కడివాడు మంచివాడే, ఎవర్నీ తిట్టడట, పని తొందరగా చేసిస్తాడట. హార్లన్‌తో ఆమెకు మాటలు తగ్గాయి. వంట తగ్గలేదు.

మరుసటి ఏడు క్యాంపులో వెస్లీ లూపును ఎవరూ ముట్టుకోలేదు. వంతు ఎవరిదో గాని వాడికి చేతులు రాలేదు. మొదటి రోజు పొద్దున్నే వెస్లీ ఎనిమిది కొనల కొమ్ములున్న మగ జింకను పాతిక గజాల నుంచి గుండెలో కొట్టాడు. అది నలభై అడుగులు నడిచి పడిపోయింది. అందరూ వీపు తట్టారట. మాంసం వేలాడదీసి లోపలికి వచ్చాక ఎవరికీ మాటలు దొరకలేదట. ఇదంతా హార్లనే ఇంటికొచ్చి చెప్పాడు, ఏదో వస్తువు పాడైపోయినట్టు.

"సరదా పోయింది," అన్నాడు.

ఆ పై ఏడు సెప్టెంబరు ముప్ఫైన వెస్లీ అక్క ఇంటికి వచ్చాడు. విల్లు, సంచీ భుజాన ఉన్నాయి. ఎప్పుడు బయల్దేరుతున్నారో బావ ఏమైనా చెప్పాడా అని అడిగాడు. కొత్త పళ్ళు మిగతావాటికంటే తెల్లగా ఉన్నాయి.

"పొద్దున్నే వెళ్ళిపోయారు," అంది ఇర్మా.

వెస్లీ తలూపాడు. ట్రక్కులో చోటు చాలలేదేమో అన్నాడు. అతనికి వెంటనే వెళ్ళిపోవాలనిపించలేదు, ఉండడానికి కారణమూ కనపడలేదు. భుజం మీంచి విల్లు తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. పాత రైలు కట్ట పక్కన చిత్తడిలో ఒక్కడినే కూర్చుంటాను రేపు, ఓసారి చూస్తావా అన్నాడు.

రెండేళ్ళ తర్వాత ఆమె చేతికి విల్లు తగలడం అదే. నారి మీద గోరు నడిపింది. లూపు బాగానే ఉంది. కింది చక్రం దగ్గరికి వచ్చేసరికి గోరు తట్టుకుంది. చక్రం మీద వంగే చోట చుట్టుదారం అంగుళన్నర మేర విడిపోయింది. లోపలి పోగులు చక్రం అంచుకు ఒరుసుకుని, ఐదో ఆరో తెగి, నూగులా లేచి ఉన్నాయి. ఇది వారం నిలుస్తుంది, లేదా రేపు పొద్దున్నే తెగుతుంది. విల్లు లాగి ఉండగా తెగితే నారి ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు.

"ఎలా ఉందక్కా?"

ఆమె విల్లు ఎత్తి అతని చేతికిచ్చింది.

"బానే ఉంది," అంది.